ఎలుకల మందా, గోమార్ల జ్వరమా? తోలుబొమ్మల కళాకారుడి కుక్కకు ముక్కులోంచి రక్తం కారిన కేసు

నేపథ్యం

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో తోలుబొమ్మలాటనే నమ్ముకుని బతుకుతున్న కుటుంబం. ఇంటి పెద్దకు అరవై దాటాయి. ఊరు, ఇంటిపేరు, సంవత్సరం ఇక్కడ రాయడం లేదు. కుక్కల పేర్లు కూడా మార్చాం. ఆయన వాటికి ఆటలోని హాస్యపాత్రల పేర్లే పెట్టుకున్నారు కనుక మారుపేర్లూ అక్కడివే తీసుకున్నాం: బంగారక్క, పోలిగాడు, కేతిగాడు. మూడూ నాటు కుక్కలే. బంగారక్క ఆరేళ్ల ఆడకుక్క. పోలిగాడికి నాలుగేళ్లు, 22 కిలోలు. కేతిగాడు తొమ్మిది నెలల పిల్ల.

ఆ ఇంటి తీరు తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. బొమ్మలకు మేకతోలు ఇంట్లోనే గీకి, ఆరబెట్టి, కత్తిరిస్తారు. మిగిలిన తోలు ముక్కలు కుక్కలకు పడతాయి. తయారైన బొమ్మలన్నీ వెదురుతో అల్లిన పెద్ద పెట్టెలో ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. ఆ పెట్టె మూత మీదే బంగారక్క పడక. దాన్ని అక్కడినుంచి లేపడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పదు. శివరాత్రి నుంచి వైశాఖం దాకా జాతరల కాలం. రాత్రి తొమ్మిదికి తెర కడితే తెల్లవారేదాకా ఆట సాగుతుంది. ఇంటిల్లిపాదీ ఆటకు పోవాల్సిందే: బొమ్మ ఆడించేవాళ్లు, హార్మోనియం, మద్దెల, వెనకపాట అన్నీ వాళ్లే. పగలు నిద్ర.

సమస్య

శివరాత్రి దాటిన మూడో వారంలో బంగారక్కను ట్రాలీ ఆటోలో మా దగ్గరికి వైద్యానికి తెచ్చారు. ముందు రోజు రాత్రి నుంచి రెండు ముక్కుల్లోనూ రక్తం. మూడు రోజులుగా తిండి లేదు. మలం తారులాగా నల్లగా పడుతోంది. నెల క్రితం దాకా 17 కిలోలు తూగిన కుక్క ఇప్పుడు 14 కిలోలు. జ్వరం 103.6 డిగ్రీలు (కుక్కకు 102.5 దాకా మామూలే). చిగుళ్లు పాలిపోయాయి. వాటి మీద, పొట్ట చర్మం మీద గుండుసూది తల అంతేసి ఎర్రచుక్కలు. ఎడమకన్ను మసక. పొట్ట నొక్కితే ప్లీహం చేతికి తగులుతోంది. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో గోమార్లు.

అడగకముందే పెద్దాయన చెప్పిన మాట ఒకటుంది. "అయ్యా, ఎలకలు రావణాసురుడి బొమ్మ కొరికేశాయని పెట్టె చుట్టూ మందు పెట్టినాను. ఐదు రాత్రులయింది. మందు ఎలకలు తిన్నాయో, ఇదే తిన్నదో నేను చూళ్లేదు. నా చేతులారా చంపుకున్నానేమో." ఆ ఒక్క మాటతో ఎవరి ఆలోచనైనా ఎలుకల మందు మీదికే పోతుంది. పోవాలి కూడా. బ్రోమాడయోలోన్ లాంటి మందు తిన్న కుక్కకు వెంటనే ఏమీ కాదు. విటమిన్ కె సాయంతో కాలేయంలో తయారయ్యే గడ్డకట్టే అంశాలు ఒక్కొక్కటిగా అడుగంటి, మూడు నుంచి ఐదు రోజులకు రక్తస్రావం మొదలవుతుంది. రోజుల లెక్క సరిగ్గా సరిపోతోంది.

అంతకుముందే వేరే చోట రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. ఒకటి జ్వరానికి నొప్పుల మందు. రెండోది విటమిన్ కె, అయితే అందులోని కె3 రకం (మెనాడయోన్). ఈ రెండూ ఇలాంటి కేసులో తరచూ కనిపించే పొరపాట్లు. నొప్పుల మందు ఉన్న కాసిని ప్లేట్‌లెట్లనూ పనిచేయనివ్వదు, పేగులో పుండు చేస్తుంది. కె3 ఎలుకల మందుకు విరుగుడు కాదు, కె1 మాత్రమే విరుగుడు. సీసా మీద "విటమిన్ కె" అని కనిపిస్తే చాలదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదవాలి.

మొదటి నిర్ణయం: ఏది ముందు?

మూడు అనుమానాలు పెట్టుకున్నాం: ఎలుకల మందు, గోమార్ల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం, తోలు ముక్క పేగులో అడ్డుపడి పుండు పడటం. మూడోదాన్ని త్వరగానే పక్కన పెట్టాం. వాంతులు లేవు, పొట్ట మెత్తగా ఉంది, నల్లటి మలానికి ముక్కు రక్తం మింగడమే చాలిన కారణం.

మిగిలిన రెండింటి మధ్య తేడాను చర్మమే చెబుతుంది. ఎలుకల మందు తిన్న కుక్కలో రక్తం పెద్దమొత్తంలో, లోపలి ఖాళీల్లోకి కారుతుంది. ఛాతీలో నిండి ఆయాసం వస్తుంది, కీళ్లు వాస్తాయి, చర్మం కింద గడ్డలు కడతాయి. సూదిమొన చుక్కలు మాత్రం ప్లేట్‌లెట్లు తగ్గినప్పటి గుర్తు. సన్నని రక్తనాళాల్లో నిత్యం పడే చిల్లులను పూడ్చేది ప్లేట్‌లెట్లే కదా. జ్వరం, పెరిగిన ప్లీహం, కంటి మసక, నెల రోజుల బరువు తగ్గుదల ఎలుకల మందుతో రావు. అయితే ఈ వాదన ఎంత బలంగా ఉన్నా ఎలుకల మందును చూపుతోనే కొట్టిపారేయకూడదు. రెండూ ఒకే కుక్కలో ఉండొచ్చు.

అందుకే మందు పడకముందే రక్తం తీశాం. మెడ సిర జోలికి పోలేదు. ఇలాంటి కుక్కకు మెడలో రక్తం ఆగకపోతే గడ్డ పెరిగి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. ముందుకాలి సిరలో సన్నసూదితో తీసి, ఐదు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాం. ఊదా మూత గొట్టంలో కణాల లెక్కకు, నీలం మూత సిట్రేట్ గొట్టంలో ప్రోత్రాంబిన్ టైమ్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) పరీక్షకు. రెండోది మనుషుల ల్యాబ్‌లోనే చేయించాం. అక్కడి మామూలు అంకెలు కుక్కకు పనికిరావు కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కేతిగాడి రక్తం కూడా పోలికకు పంపాం. కె1 వేశాక ఒకటి రెండు రోజుల్లో ఈ పరీక్ష మామూలైపోతుంది, అందుకే తీయడం ముందు, వేయడం తర్వాత.

ఫలితాలు: కేతిగాడికి 8.2 సెకన్లు, బంగారక్కకు 8.6. అంటే గడ్డకట్టే అంశాలు బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 6.8. తెల్లకణాలు 4,900. ప్లేట్‌లెట్లు యంత్రం లెక్కలో 14,000 (రెండు లక్షలకు పైన ఉండాలి). యంత్రాన్ని మాత్రం నమ్మకూడదు. ప్లేట్‌లెట్లు గుంపులు కడితే తక్కువగా చూపిస్తుంది. స్లయిడ్ మీద రక్తపు పొర వేసి, చివరి అంచున గుంపులు లేవని చూసుకుని, ఆయిల్ లెన్స్ కింద పది చోట్ల లెక్కపెట్టాం. సగటున చోటుకు ఒకటి. ఒక్క ప్లేట్‌లెట్ అంటే సుమారు 15,000. రెండు లెక్కలూ కలిశాయి. అదే స్లయిడ్‌లో బెబీసియా (గోమార్ల వల్లే వచ్చే మరో జబ్బు క్రిమి) కనిపించలేదు. తెల్లకణాల్లో ఎర్లీకియా గుత్తులూ దొరకలేదు. పాతబడిన జబ్బులో అవి దొరకడం అరుదు, దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు. కిట్ పరీక్షలో ఎర్లీకియా యాంటీబాడీలు గట్టిగా వచ్చాయి.

చేసిన వైద్యం

ల్యాబ్ ఫలితం రావడానికి సాయంత్రమవుతుంది. అందాకా ఆగకుండా డాక్సీసైక్లిన్ (ఎర్లీకియాకు వాడే యాంటీబయాటిక్), కె1 రెండూ మొదలుపెట్టాం. ఒకదానికొకటి అడ్డు కావు. కె1ను కండలోకి వేయకుండా, నోటి ద్వారా కిలోకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున ఉడికించిన కోడి కార్జంతో ఇచ్చాం. కొవ్వుతో కలిస్తేనే అది ఒంటికి పడుతుంది. ఫలితం చూశాక కె1 ఆపి, 72 గంటల తర్వాత మరోసారి ప్రోత్రాంబిన్ టైమ్ చేయించాం. ఆ చివరి రాత్రుల్లో ఎప్పుడో మందు తిని ఉంటే మొదటి పరీక్షకు అందకపోవచ్చు. రెండోదీ మామూలుగానే వచ్చింది. ఆ రోజుతో ఎలుకల మందు భయం తీరింది. పెద్దాయనకు ఆ కాగితం చూపించి చెప్పాం. అప్పటిదాకా ఆయన కూడా అన్నం ముట్టలేదని ఇంట్లోవాళ్లు అన్నారు.

డాక్సీసైక్లిన్ రోజుకు కిలోకు 10 మిల్లీగ్రాములు. 14 కిలోలకు 140 కనుక 100 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, రాత్రి అర. క్యాప్సూల్ విరవడానికి వీలుకాదు, మాత్రే తీసుకోవాలి. ఒట్టి కడుపున వేస్తే వాంతి. వేశాక నీళ్లు పట్టకపోతే మాత్ర గొంతులో ఇరుక్కుని అన్నవాహికను కాలుస్తుంది. పాలు, పెరుగు, మజ్జిగ దగ్గర్లో ఉండకూడదు, కాల్షియం మందును పట్టేసుకుంటుంది. ఆ ఇంట్లో కుక్కల తిండే మజ్జిగన్నం. అందుకని మాత్రకు ముందూ వెనకా రెండు గంటలు అన్నంలో కార్జం, గుడ్డు మాత్రమే కలపమన్నాం. రక్తం పోయిన కుక్కకు అది ఎలాగూ మేలు.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా అని ఆలోచించాల్సి వచ్చింది. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లను కొంతమేర కుక్క సొంత రక్షణ వ్యవస్థే చంపుతుంది. అలాగని క్రిమి ఉండగానే ఆ వ్యవస్థను ఎక్కువకాలం అణచడం మంచిది కాదు. 14,000 దగ్గర రక్తం కారుతోంది కాబట్టి 5 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు, ఐదు రోజులు మాత్రమే ఇచ్చాం. కంటి పైపొరలో పుండు లేదని ఫ్లోరోసీన్ రంగుతో చూసుకున్నాకే స్టెరాయిడ్ చుక్కలు వేశాం.

రక్తం ఎక్కించాలా? కుక్కల్లో మొదటిసారి రక్తం ఎక్కిస్తే సాధారణంగా తేడా రాదు. పోలిగాడు 22 కిలోలు, ఎదురుగానే ఉన్నాడు. అయినా వద్దనుకున్నాం. అదే పెట్టె పక్కన పడుకుని, అవే గోమార్లు కుట్టిన కుక్క రక్తంలో అదే జబ్బు ఉండొచ్చు. బంగారక్క నిలబడగలుగుతోంది, ఆయాసం లేదు. చిగుళ్లు తెల్లబారి, ఆయాసం వస్తే తిరుపతి పశువైద్య కళాశాలకు తీసుకుపోవాలని ముందే వాహనం మాట్లాడి పెట్టుకోమన్నాం. ఆ అవసరం రాలేదు.

ముక్కు రక్తానికి: చీకటిగా, చప్పుడు లేని గదిలో ఉంచి, ముక్కు దూలం మీద ఐసు చుట్టిన గుడ్డ. ముక్కులో దూది కుక్కకూడదు. తీసేటప్పుడు గడ్డ ఊడి మళ్లీ కారుతుంది. మెడకు తాడు కట్టకూడదు, ఛాతీ చుట్టూ పట్టీ వేయాలి. రెండో రోజు రాత్రికి రక్తం ఆగింది. ఎనిమిదో రోజుకు జ్వరం లేదు, ప్లేట్‌లెట్లు 62,000.

ఏది పనిచేయలేదు

19వ రోజున మళ్లీ తెచ్చారు. జ్వరం 103.2, తిండి తగ్గింది, ప్లేట్‌లెట్లు 31,000. చెవుల్లో మళ్లీ గోమార్లు.

ఇక్కడ చేయి పొరపాటు వైపు లాగుతుంది: మందు పనిచేయడం లేదు, మారుద్దాం. ఎన్రోఫ్లోక్సాసిన్ వైపు పోవడం చాలాచోట్ల జరిగేదే, కానీ అది ఎర్లీకియాను తుడిచిపెట్టలేదు. ఇమిడోకార్బ్ బెబీసియాకు మందు, ఎర్లీకియాకు దాని మీద ఆధారపడలేం. మందు మార్చే ముందు మాత్రల స్ట్రిప్పులు తెమ్మన్నాం. పదకొండు మాత్రలు ఎక్కువగా మిగిలి ఉన్నాయి. అంటే ఏడు రోజులకు పైగా మందు పడలేదు. జవాబు అక్కడే దొరికింది.

ఎందుకు పడలేదో నిదానంగా అడిగితే తెలిసింది. వరసగా ఐదు రాత్రులు జాతర ఆటలు. కుక్కను పక్కింటి అవ్వకు అప్పగించి పోయారు. ఆమె ప్రేమగా పాలన్నంలో మాత్ర కలిపి పెట్టింది. కుక్క అన్నం తిని మాత్ర వదిలేసింది. వీళ్లు తిరిగొచ్చాక కూడా పొద్దున మాత్ర తప్పింది, ఎందుకంటే తెల్లవారుజామున పడుకున్న ఇల్లు మధ్యాహ్నం దాకా లేవదు. పొద్దున ఒకటి, రాత్రి అర అని రాసిచ్చిన చీటీయే ఆ ఇంటి బతుకుకు కుదరని చీటీ. లోపం వాళ్లది కాదు.

రెండో వైఫల్యం గోమార్లది. ఐదో రోజున పెద్దాయన పశువులకు వాడే అమిట్రాజ్ మందు కొలత లేకుండా నీళ్లలో పోసి బంగారక్కకు స్నానం చేయించారు. ఆ సాయంత్రం కుక్క మగతగా పడిపోయింది, ఒళ్లు చల్లబడింది, గుండె నెమ్మదించింది. సబ్బునీళ్లతో కడిగి, వెచ్చగా కప్పి ఉంచితే మర్నాటికి తేరుకుంది. నీరసించిన కుక్కకు ఈ మందు వద్దే వద్దు. గోమార్లయితే ఆ రోజు రాలాయి, రెండు వారాల్లో మళ్లీ వచ్చాయి. కుక్కల మీద ఉండే ఈ గోధుమరంగు గోమారి పిల్లగా ఒకసారి, నడిప్రాయంలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి రక్తం తాగుతుంది. ప్రతిసారీ కిందికి దిగి గోడ పగుళ్లలో దాక్కుంటుంది. ఆడది వేలల్లో గుడ్లు పెట్టేదీ అక్కడే. కుక్క మీద కనిపించేవి ఇంట్లో ఉన్నవాటిలో కొద్దిపాటివే.

ఇల్లు వెతికితే నులక మంచం అల్లికలో, గోడ మూలల్లో, అన్నిటికన్నా ఎక్కువగా బొమ్మల పెట్టె వెదురు అల్లికలో దొరికాయి.

ఏది పనిచేసింది

మందు అదే. మారింది వేళ. డాక్సీసైక్లిన్‌ను రెండు పూటలకు బదులు రోజుకు ఒకేసారి, అదే మొత్తం ఇచ్చినా పనిచేస్తుంది. ఆట ఉన్నా లేకున్నా ఆ ఇంట్లో తప్పని తిండి సాయంత్రం ఏడు గంటలది. ఒకటిన్నర మాత్ర అప్పుడే. లెక్క మొదటి రోజు నుంచి మళ్లీ మొదలు: 28 రోజులు, 42 మాత్రలు. వాటిని ఒకటిన్నర చొప్పున 28 కాగితపు పొట్లాలు కట్టించాం. పెద్దాయన మనవరాలు వాటిని బొమ్మలు కట్టే దారానికి వరసగా గుచ్చి, ఆటకు పోయినప్పుడు తెర వెదురుకు వేలాడదీసింది. తెర వెనక దీపం వెలిగించే ముందు ఒక పొట్లం తెంపాలి. కార్జం ముద్దలో పెట్టి మింగించి, సిరంజితో పది మిల్లీలీటర్ల నీళ్లు. కుక్కను ఎవరికీ అప్పగించకుండా వెంట తీసుకుపోయారు. ఈసారి రక్తం కారడం లేదు కనుక ప్రెడ్నిసోలోన్ ఇవ్వలేదు.

గోమార్లకు, నమిలే మాత్రల్లో నెల రోజులు పనిచేసేదీ ఉంది, పన్నెండు వారాలు పనిచేసేదీ ఉంది. ఫ్లూరలనర్ రెండో రకం. ధర ఎక్కువే, అందులోనూ మూడు కుక్కలకు. అయినా దాన్నే ఎంచుకున్నాం. నెలనెలా గుర్తుపెట్టుకోవడం జాతరల కాలంలో జరగని పని, ఇది ఒక్కసారి వేస్తే సీజన్ మొత్తం గడుస్తుంది. మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే వేయకూడదు కాబట్టి మూడింటికీ అది అడిగి, బరువు తూచి, తిండితో ఇచ్చాం. ఒక్క జబ్బు కుక్కకే వేసి మిగతావాటిని వదిలితే ఆ రెండూ ఇంటి గోమార్లను పోషిస్తాయి.

గోడలకు, మంచానికి డెల్టామెత్రిన్ అనే పురుగుమందు, డబ్బా మీద రాసిన పాళ్లలో, మూడు వారాలకోసారి నాలుగు సార్లు. పగుళ్లు సున్నం, మట్టితో పూడ్చారు. మందు ఆరేదాకా కుక్కలు, కోళ్లు, పక్కింటి పిల్లి లోపలికి రాకూడదు. పిల్లికి ఈ జాతి మందులు తడిగా ఉన్నప్పుడు ప్రాణాంతకం.

పెట్టె దగ్గర మాత్రం మా సలహా చెల్లలేదు. బొమ్మలను ఎండలో వేయమంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "ఎండ తగిలితే తోలు ముడుచుకుంటాది, తడి తగిలితే రంగు దిగతాది. ఆ రెండూ వద్దు. తక్కింది నాకు వదిలెయ్యండి." ఆయన చేసిన పద్ధతి ఇది: ఒక్కో బొమ్మనూ కీళ్ల దగ్గర విప్పి, దీపానికి అడ్డంగా పట్టి చూశారు. పారదర్శకమైన తోలు కాబట్టి కుట్ల మధ్య దాగిన గోమారి నల్లచుక్కలా కనిపిస్తుంది. పొడి కుంచెతో సబ్బునీళ్ల పళ్లెంలోకి దులిపి, పాత నూలుచీరల్లో చుట్టి దూలానికి వేలాడదీశారు. ఖాళీ పెట్టెకు మరిగే నీళ్లు పోసి, రెండు రోజులు ఎండబెట్టి, నాలుగు ఇటుకల మీద పెట్టారు. బంగారక్కకు ఉతికే గోనెపట్టాతో పక్కనే వేరే పడక. ఎలుకలకు మందు మాని బోను పెట్టారు. తోలు ముక్కలు మూత ఉన్న డబ్బాలోకి పోయాయి. పిల్లలు గోమార్లను గోళ్లతో చిదమడం మాన్పించాం.

రెండో విడత ఏడో రోజుకు ప్లేట్‌లెట్లు 78,000, పద్నాలుగో రోజుకు 1,35,000, ఇరవై ఎనిమిదో రోజుకు 2,10,000. హిమోగ్లోబిన్ 9.6, బరువు 16 కిలోలు. మందు ఆపిన నాలుగు వారాలకు మళ్లీ చూస్తే 2,24,000. జబ్బు పోయిందా లేదా అన్నది ఈ చివరి అంకెతోనే తేల్చాలి, కిట్‌తో కాదు. యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. కిట్‌లో గీత కనిపించిందని బాగున్న కుక్కకు మళ్లీ మందు మొదలుపెట్టడం దండగ.

పోలిగాడికి కిట్‌లో వచ్చింది, పైకి ఏ జబ్బూ లేదు. కిట్ ఒక్కటే అయితే మందు ఇచ్చేవాళ్లం కాదు. ప్లేట్‌లెట్లు 1,28,000 ఉండటంతో లోలోపల జబ్బు నడుస్తోందని భావించి 28 రోజులు ఇచ్చాం. కేతిగాడికి రాలేదు, గోమార్ల మాత్ర తప్ప ఏదీ ఇవ్వలేదు.

ఈ కేసు నేర్పింది

చెబుతున్న కథ ఎంత అతికినట్టున్నా చర్మం మీది చుక్కలను చూడాలి. కథ ప్రకారం ఇది ఎలుకల మందే. ఆ కథనే నమ్మి కె1తో సరిపెట్టుకుని ఉంటే కుక్క దక్కేది కాదు. అలాగే చుక్కలను మాత్రమే నమ్మి సిట్రేట్ గొట్టం తీయకపోయి ఉన్నా తప్పే.

మొదటి చీటీ రాసేటప్పుడే "రాత్రి ఎన్నింటికి పడుకుంటారు, ఎవరు మందు వేస్తారు, ఊరికి పోతే కుక్క ఎక్కడుంటుంది?" అని అడగాల్సింది. అడిగి ఉంటే ఆ పదకొండు మాత్రల లోటూ, రెండో జ్వరమూ తప్పేవి. బుర్రకథ, హరికథ వాళ్లకైనా, రాత్రిళ్లు చేపలకు పోయేవాళ్లకైనా, ఇటుకబట్టీలకు వలసపోయేవాళ్లకైనా ఇదే వర్తిస్తుంది. జబ్బు తిరగబెట్టినప్పుడు మందు మార్చే ముందు మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం ఇప్పుడు మా దగ్గర తప్పనిసరి పని.

ఇంకా తేలనివి రెండున్నాయి. ఎడమకంటిలో మసక పూర్తిగా పోలేదు, చూపు మాత్రం ఉంది. మూత్రంలో ప్రోటీన్ మొదట రెండు ప్లస్‌లు ఉండేది, ఇప్పుడు ఒకటికి తగ్గింది. ఈ జబ్బు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కనుక మూడు నెలలకోసారి పొద్దున మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో తెమ్మన్నాం. తదుపరి ఫ్లూరలనర్ మోతాదు తేదీని పెద్దాయన బొమ్మల పెట్టె మూత లోపలి వైపు సుద్దతో రాసి పెట్టుకున్నారు.